ఒడియా రాకపోతే ఉద్యోగం లేదు సరే, వస్తే ఉన్నట్టేనా? ఇంటి వాదనలకి తర్కశాస్త్రం పనికొస్తుందా?

వంశధార గట్టు (గుణుపురం):
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గుణుపురం. మా పాప ఐదో తరగతి అయిపోయింది. ఆరులో ఏ బడిలో వెయ్యాలన్న దగ్గర ఇల్లంతా రెండు పార్టీలైంది. మా ఆయన మేనమామ పెద్దాయన, ఇంట్లో ఆయన మాట చెల్లుతుంది. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను:

"ఒడియా రాకపోతే ఈ రాష్ట్రంలో గవర్నమెంటు ఉద్యోగం రాదు. అందుకే పిల్లని ఒడియా మీడియంలో వెయ్యండి, ఉద్యోగానికి ఢోకా ఉండదు. ఎదురింటి కుర్రాణ్ణి చూడండి, ఇంగ్లీషు మీడియం చదివి ఖాళీగా తిరుగుతున్నాడు."

మా ఆయన ఊరుకోలేదు. "ఒడియా మీడియం చదివి ఖాళీగా తిరిగేవాళ్ళు లేరా?" అన్నారు. "నువ్వు ఆంధ్రాలో, పాతపట్నంలో చదివినవాడివి, ఇక్కడి సంగతి నీకేం తెలుసు" అన్నారు మావయ్యగారు. అక్కడితో మాటలు బంద్.

ఇద్దరి మాటల్లోనూ ఎక్కడో అతుకు సరిగ్గా పడలేదని తెలుస్తోంది గాని ఎక్కడో వేలు పెట్టి చూపించలేకపోతున్నాను. డిగ్రీలో లాజిక్ అని ఒక పేపరు ఉండేది, పరీక్ష రాసి మర్చిపోయాం. అది ఇలాంటివాటికి పనికొస్తుందా, లేక పుస్తకాల వరకేనా?

పర్లాకిమిడి పంతులు:
పనికొస్తుందమ్మా. ఆంధ్రాలో పాత పదో తరగతి లెక్కల్లో ప్రవచనాలు, సమితులు అని పాఠం ఉండేది. నాకు తెలిసి పిల్లలకి అన్నింటికన్నా ఎక్కువ అక్కరకొచ్చే పాఠం అదే, అందరూ అన్నింటికన్నా తొందరగా మర్చిపోయేదీ అదే.

మావయ్యగారి మొదటి మాట తీసుకోండి. ఒడియా రాకపోతే ఉద్యోగం రాదు. ఊళ్ళో మనుషుల్ని నాలుగు గుంపులు చెయ్యండి. ఒడియా వచ్చి ఉద్యోగం ఉన్నవాళ్ళు. ఒడియా వచ్చి ఉద్యోగం లేనివాళ్ళు. ఒడియా రాకుండా ఉద్యోగం ఉన్నవాళ్ళు. రెండూ లేనివాళ్ళు. ఆయన మాట ఈ నాలుగింటిలో ఒక్క గుంపునే కొట్టేస్తుంది, మూడోదాన్ని. మిగతా మూడు గుంపుల జోలికి పోదు. అదే మాటని "ఉద్యోగం ఉన్నవాడికి ఒడియా వచ్చి తీరుతుంది" అని తిప్పి చెప్పినా ఆ మూడో గుంపే పోతుంది. దీన్ని ప్రతివర్తితం అంటారు, అర్థం మారదు.

రెండో మాట చూడండి. ఒడియా చదివితే ఉద్యోగానికి ఢోకా లేదు. ఇది కొట్టేసేది రెండో గుంపుని. ఆ గుంపు మనుషులు పర్లాకిమిడిలో ఏ టీ కొట్టు దగ్గరైనా కనిపిస్తారు! మొదటి మాట నుంచి రెండో మాటకి దారి లేదు. "అందుకే" అన్నచోట ఆయన దూకేశారు. లెక్కల భాషలో చెప్పాలంటే ఆవశ్యకాన్ని పర్యాప్తం చేసేశారు. ఉద్యోగానికి ఒడియా ఉండాలి. ఒడియా ఒక్కటే చాలదు.

మీవారి జవాబు రెండో మాటని పడగొడుతుంది, మొదటిదాన్ని తాకనైనా తాకదు. మావయ్యగారు రెంటినీ ఒకటే అనుకుంటున్నారు కాబట్టి, తన మొదటి మాటనే కాదన్నారని ఆయనకి కోపం వచ్చి ఉంటుంది. ఆ మొదటి మాట చాలావరకు నిజమే కూడా. ఇక ఎదురింటి కుర్రాడు ఎటూ సాక్ష్యం కాడు. ఇంగ్లీషు మీడియంలో చదివినా ఒడియా ఒక సబ్జెక్టుగా చదివి ఉండొచ్చు కదా. పాతపట్నం మాట వాదనే కాదు. మనిషి ఎక్కడ చదివాడన్నదాన్ని బట్టి అతను చెప్పిన వాక్యం తప్పూ కాదు, ఒప్పూ కాదు.

బల్లార్షా బోగీ:
మాస్టారూ, అంతా మంచిగనే ఉంది. పెద్దాయన ముంగట నాలుగు గుంపులు, మూడో గుంపు అని గీతలు గీస్తే ఆ అక్కకి ఇంట్లో అన్నం పుడుతదా? లాజిక్‌తో గెలిచి ఇంట్లో ఓడుడు ఎందుకు?

వంశధార గట్టు (గుణుపురం):
బల్లార్షా అన్నా, నా భయమూ అదే 😀

జయపురం జూనియర్:
నేను కోర్టు పక్షిని, కొత్తగా నల్లకోటు వేసుకున్నాను. ఇంకో వైపు నుంచి చెబుతాను. మావయ్యగారి మొదటి మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఒడిశా ప్రభుత్వ ఉద్యోగ నోటిఫికేషన్లలో అర్హతల కింద ఒడియా గురించి ఒక పేరా ఉంటుంది. అభ్యర్థి ఒడియా చదవగలగాలి, రాయగలగాలి, మాట్లాడగలగాలి. దానికి రుజువుగా కొన్ని దారులు ఇస్తారు. ఏడో తరగతి స్థాయిలో ఒడియా ఒక భాషా సబ్జెక్టుగా పాసై ఉండడం ఒక దారి. భాషేతర సబ్జెక్టుల్ని ఒడియా మాధ్యమంలో రాసి మెట్రిక్ పాసవడం ఇంకోటి. ఆ స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాసి పాసవడం మరొకటి. వీటి మధ్య "లేదా", "లేదా" అనే ఉంటుంది. "మరియు" ఉండదు.

ఏదో ఒకటి చాలు అన్నచోట "నీకు అర్హత లేదు" అనాలంటే ఒక్కటంటే ఒక్కటీ లేదని చూపించాలి. ఒక దారి మూసుకుపోయిందని చూపిస్తే సరిపోదు. దీనికి డి మోర్గాన్ సూత్రం అని పేరుంది. ఆ డి మోర్గాన్ 1806లో పుట్టింది మన మద్రాసు ప్రెసిడెన్సీలోని మదురైలోనే. మా జయపురం, గుణుపురం, పర్లాకిమిడి అన్నీ ఒకప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే కాబట్టి దూరపు చుట్టమే అనుకోండి.

కాబట్టి అక్కా, మీడియం గురించి కొట్టుకోకండి. పాప వెళ్ళే బడిలో ఒడియా భాషా సబ్జెక్టుగా ఉందా, ఏడు దాటేదాకా ఉంటుందా, మార్కుల జాబితాలో కనిపిస్తుందా, ఇది అడగండి. పోస్టుని బట్టి పదాలు కొద్దిగా మారతాయి, ఏదో ఒక నోటిఫికేషన్ ప్రింటు తీసి మావయ్యగారి చేతిలోనే పెట్టండి. పెద్దవాళ్ళు మన మాట వినకపోయినా గవర్నమెంటు కాగితం వింటారు.

వంశధార గట్టు (గుణుపురం):
ఇది పనికొచ్చే మాట తమ్ముడూ. ఇంగ్లీషు మీడియం బడిలో ఒడియా మూడో భాషగా ఉందన్నారు, ఏ తరగతి దాకానో కనుక్కుంటాను. కాగితం మా ఆయన కాకుండా నేనే ఇస్తాను, ఆయన ఇస్తే చదవరు.

బరంపురం నైయాయికుడు:
ఇంత సేపూ పడమటి తర్కమే నడిచింది. మన ఇంట్లో ఉన్న సరుకు కూడా కొంచెం చూడండి. అన్నంభట్టు తర్కసంగ్రహం ఒకప్పుడు తెలుగునాట సంస్కృతం చదివే ప్రతివాడి మొదటి మెట్టు. అందులోని కొండ, పొగ, నిప్పు చాలామందికి తెలిసినవే. కొండ మీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ. పొగ ఉంది కాబట్టి, ఇది హేతువు. ఎక్కడెక్కడ పొగ ఉంటుందో అక్కడ నిప్పుంటుంది, వంటింట్లో చూశాం కదా, ఇది ఉదాహరణ. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, ఇది ఉపనయం. కాబట్టి కొండ మీద నిప్పుంది, ఇది నిగమనం.

మావయ్యగారు చేసినది ఈ పొగ, నిప్పుల్ని తిరగెయ్యడం. నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందనడం. మనవాళ్ళు దీనికి ఎర్రగా కాలిన ఇనపగుండుని అడ్డం పెట్టారు. అందులో నిప్పుంది, పొగ లేదు. ఇక్కడితో ఆగలేదు, ఎందుకు తప్పిందో కూడా చెప్పారు. నిప్పుకి పచ్చి కట్టె తోడైతేనే పొగ. ఆ పచ్చి కట్టె అనే చెప్పని షరతుని ఉపాధి అంటారు (కూలీ పథకం ఉపాధి కాదండోయ్). ఒడియా ఉండి ఉద్యోగం రావడానికి మధ్య పచ్చి కట్టెలు చాలా ఉన్నాయి. ఖాళీలు ఉండాలి, రాత పరీక్షలో మార్కులు రావాలి, వయసు దాటకూడదు. గుంపులు లెక్కపెట్టి తప్పు అని చెప్పడం కన్నా, ఏ షరతు మింగేశారో చూపించడం మనిషికి తొందరగా ఎక్కుతుంది.

పర్లాకిమిడి పంతులు:
నైయాయికుల వారూ, మీ ఇనపగుండు నాకు ఇష్టమే. కానీ ఒక తేడా చెప్పాలి. మీ న్యాయ దర్శనం అనేది వాదన రూపాన్ని మాత్రమే చూసే తర్కం కాదు. అక్కడ ఆధారం నిజం కాకపోతే మొత్తం వాదనే దోషం, హేత్వాభాసం. రూపతర్కం రెండు పనుల్ని విడదీస్తుంది. అతుకు సరిగ్గా ఉందా అన్నది ఒకటి, అతికిన ముక్కలు మంచివా అన్నది ఇంకోటి.

చూడండి. ఒడిశా ఊళ్ళన్నీ సముద్రపు ఒడ్డున ఉన్నాయి, గుణుపురం ఒడిశాలో ఉంది, కాబట్టి గుణుపురం సముద్రపు ఒడ్డున ఉంది. అతుకు గట్టిది. మొదటి ముక్క కుళ్ళుది, అందుకే గుణుపురానికి సముద్రం వచ్చింది. ఇప్పుడు ఇంకోటి. ఒడిశా ఊళ్ళు కొన్ని సముద్రపు ఒడ్డున ఉన్నాయి, గోపాల్‌పూర్ ఒడిశాలో ఉంది, కాబట్టి గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డున ఉంది. మూడు ముక్కలూ నిజమే. అతుకే లేదు. గోపాల్‌పూర్ తీసేసి రాయగడ పెట్టండి, వెంటనే ఊడిపోతుంది.

రోజువారీ వాదనల్లో మనల్ని ముంచేది ఈ రెండో రకమే. చివరి మాట నిజం కాబట్టి దారి కూడా సరైనదే అనుకుంటాం. మన పార్టీ వాడు చెప్పిన మాట నచ్చింది కాబట్టి వాడు ఇచ్చిన కారణం కూడా బాగుందంటాం. పేర్లు మార్చి చూడ్డం అనే ఈ చిన్న పని చేస్తే చాలు, సగం టీవీ చర్చలు మూతపడతాయి.

బరంపురం నైయాయికుడు:
మీరు విడదీయడం లెక్కల మాస్టారి సౌకర్యం కోసం. గుణుపురంలో సముద్రం లేదని కళ్ళకి కనిపిస్తుంటే ఆ హేతువు బాధితం, అంటే కంటికి కనిపించేదే దాన్ని కొట్టేసింది, అక్కడే చర్చ ముగిసింది. అతుకు గట్టిదని మెచ్చుకోవడం ఎందుకు? మనిషి వాదించేది తెలుసుకోవడానికి, అతుకుల అందం చూడ్డానికి కాదు. అందుకే మనవాళ్ళు ఉదాహరణ లేని వాదనని ఒప్పుకోలేదు. ఎక్కడ చూశావో చెప్పు అన్నారు.

కొటియా దారి (సాలూరు–కొటియా, జీపు):
చదువుకున్నవాళ్ళ మధ్య దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. అతుకు గట్టిది, ముక్క కుళ్ళుది అన్నారు చూడండి, అది మా దారిలో రోజూ జరిగేదే. కొత్తగా వచ్చిన సర్వేవాళ్ళు, విలేకరులు జీపెక్కి అడుగుతారు. "మీ ఊరివాళ్ళకి ఆంధ్రాలో ఓటుందట కదా, అంటే ఒడిశాలో ఉండదు కదా, అంటే మీరు ఆంధ్రావాళ్ళే కదా." వరస బాగానే ఉంది. కానీ ఆంధ్రా, ఒడిశా రెండూ మావే అనే ఈ కొటియా ఊళ్ళల్లో ఒకే మనిషి దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి, ఓటుదీ ఉంటుంది, రేషన్‌దీ ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఎన్నికలయితే జరిగాయి. ఇక్కడ "ఇటుంటే అటు లేడు" అనే మాట నిలవదు. ఆ ఒక్క మాట నిలవకపోతే వెనకాల వచ్చేవన్నీ పోయినట్టే.

జయపురం జూనియర్:
దారి అన్నా, చట్టం చెబుతాను వినండి. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి పేరు ఒకటికి మించిన నియోజకవర్గాల జాబితాల్లో ఉండకూడదు.

కొటియా దారి (సాలూరు–కొటియా, జీపు):
ఉండకూడదు అని మీరు చెప్పారు. ఉంది అని నేను చెబుతున్నాను.

పర్లాకిమిడి పంతులు:
దారిగారు రెండు ముక్కల్లో తేల్చేశారు. "ఉండకూడదు" నుంచి "లేదు" రాదు, "ఉంది" నుంచి "ఉండడం సరైనదే" కూడా రాదు. సర్వేకి వచ్చినవాళ్ళు చట్టంలోని వాక్యాన్ని ఊరి మీద ఉన్న వాక్యంగా తీసుకున్నారు. "దొంగతనం నేరం, కాబట్టి మా వీధిలో దొంగల్లేరు" అనడం ఎలాగో ఇదీ అలాగే. మన ఆఫీసుల్లో సగం రిపోర్టులు ఇలాగే తయారవుతాయి, రూల్ ప్రకారం ఉండాలి కాబట్టి ఉన్నట్టు రాసేస్తారు.

బల్లార్షా బోగీ:
మా చంద్రపూర్ జిల్లా జివతి దిక్కు 14 ఊళ్ళ కథ కూడా గదే. మహారాష్ట్ర మాది అంటది, తెలంగాణ మాది అంటది, ఊరోళ్ళు రెండు దిక్కులా ఓటేస్తరు. "ఇటైనా ఉండాలె, అటైనా ఉండాలె, రెండూ కుదరవు" అనుకునేటోడు మా దగ్గరికి ఒకసారి రావాలె.

పర్లాకిమిడి పంతులు:
అటు ఇటు అన్నారు కాబట్టి ఇంకో చిక్కు. పర్లాకిమిడి ఒడిశాలో ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పారు. కాబట్టి గిడుగువారు ఒడిశాలో పాఠాలు చెప్పారు. రెండు ముక్కలూ నిజం. మూడోది? ఆయన బడిలో పని చేసిన రోజుల్లో ఇది మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లా. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది 1936 ఏప్రిల్ 1న. ఊరిని అటు కలిపినందుకు ఆయన మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. "ఉంది" అనే మాటలో ఎప్పుడు అన్నది దాక్కుంది. ఆ కాలాన్ని బయటికి తీసి రాస్తే అతుకు ఎక్కడ ఊడిందో కనిపిస్తుంది. సరిహద్దు మీద బతికే మనకి ఈ జబ్బు ఎక్కువ. తాతలనాటి హద్దులూ ఇప్పటి హద్దులూ ఒకే వాక్యంలో కలిపేసి కొట్టుకుంటాం.

సరే, ఎవరి బుర్ర ఎంతో చూద్దాం. నాలుగు కార్డులు బల్ల మీద ఉన్నాయి. ప్రతిదానికీ ఒకవైపు అక్షరం, ఇంకోవైపు అంకె. పైకి కనిపిస్తున్నవి అ, క, 4, 7. నియమం: ఒకవైపు అ ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలి. నియమం తప్పిందో లేదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పి చూడాలి? అవసరం లేనివి తిప్పకూడదు.

బల్లార్షా బోగీ:
అ, 4.

ధర్మాబాద్ మిర్చి:
అ ఒక్కటే చాలు.

వంశధార గట్టు (గుణుపురం):
నాలుగూ తిప్పేస్తే పోలా 😀 నేనైతే అ, 4 అనే అనుకున్నాను.

సిరొంచ టేకు:
కార్డులు నాకు అర్థం కాలేదు గాని, ఇది నేను నౌకరీ అంతా చేసిన పనే. ఫారెస్టు నాకా మీద రాత్రి డ్యూటీ అనుకోండి. టేకు కలప బండి అయితే ట్రాన్సిట్ పాస్ ఉండాలె, ఇది కానూన్. నాలుగు లారీలు ఆగినయి. ఒకదాని మీద టేకు దుంగలు పైకే కనిపిస్తున్నయి, కొట్టిన సుత్తి ముద్ర లైటు వేస్తే మెరుస్తది. ఇంకోటి ఉల్లిగడ్డల లారీ, వాసనే చెబుతది. మూడోదాని డ్రైవర్ దిగకముందే పాస్ తీసి చేతిలో పెడతడు, బండి మీద తాటిపత్రి (టార్పాలిన్) కట్టి ఉంది. నాలుగోదానికి కూడా తాటిపత్రి కట్టి ఉంది, పాస్ ఏదిరా అంటే లేదు సాబ్ అంటడు. ఏ బండి చూస్తరు?

టేకు బండిని పాస్ అడుగుతరు. పాస్ లేదన్నోడి తాటిపత్రి విప్పిస్తరు. ఉల్లిగడ్డకి పాస్ ఉంటే ఎంత, లేకుంటే ఎంత? పాస్ చేతిలో ఉన్నోడి బండిలో టేకున్నా తప్పు లేదు, గడ్డి ఉన్నా తప్పు లేదు. కొత్తగా వచ్చిన పిలగాండ్లు పాస్ చూపించినోన్ని ఆపి బండి అంతా దింపిస్తరు, గింతలో పాస్ లేనోడు పక్క నుంచి గేరు మార్చి పోతడు.

పర్లాకిమిడి పంతులు:
అదే జవాబు! అ, 7. అ అంటే టేకు బండి, 7 అంటే పాస్ లేనివాడు. 4 అంటే పాస్ చూపించినవాడు, వాడి బండి దింపక్కర్లేదు.

ఈ కార్డుల చిక్కు 1966 నాటిది, పీటర్ వాసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తది. చదువుకున్నవాళ్ళే చాలామంది ఇందులో పడిపోతారు, ఎక్కువమంది చెప్పేది "అ, 4" లేకపోతే "అ ఒక్కటే", అచ్చంగా పైన వచ్చినట్టు. 1982లో ఫ్లోరిడాలో ఇద్దరు పరిశోధకులు ఇదే చిక్కుని బీరు మీద పెట్టారు. బీరు తాగుతుంటే 19 ఏళ్ళు నిండి ఉండాలి, ఎవర్ని తనిఖీ చేస్తారు అని. ఈసారి నలుగురిలో దాదాపు ముగ్గురు సరిగ్గా చెప్పారు. రూపం అదే, ఒక్క అక్షరం మారలేదు. అంటే మనకి తర్కం రాదని కాదు. నియమం తప్పేవాణ్ణి పట్టుకునే పని అయితే వస్తుంది, అక్షరాలూ అంకెలూ అయితే రాదు.

బరంపురం నైయాయికుడు:
చూశారా! వంటిల్లు, చెరువు లేకుండా మనిషికి ఎక్కదని మావాళ్ళు ఉదాహరణని వాదనలో ఒక అవయవం చేసింది ఇందుకే. చెరువు ఎందుకంటారా? నిప్పు లేనిచోట పొగ లేదని చూపించడానికి. సిరొంచవారు పాస్ లేని బండి తాటిపత్రి విప్పించడం అదే పని.

ధర్మాబాద్ మిర్చి:
నేను యాపారం చేసేటోన్ని, నాకో సందేహం. 2018 నాటి ముచ్చట. అప్పుడు తెలంగాణలో రైతుబంధు మొదలైంది, ఎకరానికి సీజన్‌కి 4000. మహారాష్ట్రల మా దిక్కు ఊళ్ళల్ల చానామంది "మమ్మల్ని తెలంగాణలో కలపండి" అని లేశిండ్రు. వాదన ఏందంటే, అటు పైసలు ఇస్తున్నరు, ఇటు ఇస్తలేరు, కాబట్టి అటు పోతే బాగుపడతం. ఇందులో గుంపులు, తిరగెయ్యడం ఏం లేవు కదా. మరి ఇది ఒప్పా తప్పా?

జయపురం జూనియర్:
అన్నా, ఇక్కడ చెప్పని ముక్క ఉంది. రోజువారీ వాదనల్లో మూడొంతులు ఇలాంటివే, ఒక ముక్క మింగేసి మాట్లాడతాం. దాన్ని బయటికి లాగడానికి నేను చేసేది ఒకటే. ఏ వాక్యం కలిపితే అతుకు పడుతుందో వెతుకుతాను. "అటు ఇచ్చేది వస్తుంది" అన్నదానికి, "బాగుపడతాం" అన్నదానికి మధ్య ఏముండాలి? "ఇటున్నవేవీ పోవు, పోయినా వచ్చేదానికన్నా తక్కువే" అని ఉండాలి. "ఆ పథకం అలాగే నడుస్తుంది" అని కూడా ఉండాలి. ఇప్పుడు అడగండి, ఇటున్నవి ఏంటి? పిల్లల సర్టిఫికెట్లు, కులం కాగితాలు, భూమి రికార్డు, ఇక్కడి పథకాలు. వాదన తప్పని నేను అనట్లేదు. ఏది తేల్చుకోవాలో తెలుస్తుంది, అంతే.

ఒక జాగ్రత్త. మింగేసిన ముక్కని పూరించేటప్పుడు అవతలివాడు ఒప్పుకునేదే పెట్టాలి. కోర్టులో మా సీనియర్లు ఎదుటివాడి నోట్లో పిచ్చి మాట పెట్టి, దాన్ని పడగొట్టి గెలిచామంటారు. జడ్జిగారు కూడా కొన్నిసార్లు పడిపోతారు.

ధర్మాబాద్ మిర్చి:
సమజైంది. మండిలో కూడా గింతే, "నిన్న రేటు పెరిగింది కాబట్టి ఇయ్యాల ఆపుదాం" అంటరు, మధ్య ముక్క ఎవడూ చెప్పడు.

సిరొంచ టేకు:
మాస్టారూ, మీరంతా ఉన్నరు కాబట్టి మా తాలూకా పెద్ద పంచాయితీ ఒకటి ముంగట పెడత. గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీ 2019 జూన్‌లో మొదలైంది. మా ఒడ్డున రైతులు అంటరు: బ్యారేజీ వచ్చినంక పొలాలు మునుగుతున్నయి, కాబట్టి బ్యారేజీ తోనే. ఎదుటోళ్ళు అంటరు: 2022 జులైలో గోదావరి అందరినీ ముంచింది, భద్రాచలం కాడ 71 అడుగులు దాటింది, 1986లో ఏ బ్యారేజీ లేనప్పుడే 75 అడుగులు దాటింది, కాబట్టి బ్యారేజీ తోని కాదు. టీ కాడ కూసుంటే రోజూ గిదే. ఎవరిది నిలుస్తది?

పర్లాకిమిడి పంతులు:
రెండూ నిలవవు, రెండూ వేరువేరు చోట్ల ఊడిపోతాయి.

రైతులది "దాని తర్వాత వచ్చింది, కాబట్టి దాని వల్ల వచ్చింది". తర్వాత అన్నంత మాత్రాన వల్ల కాదు. అయితే తర్వాత కాకపోతే వల్ల అయ్యే అవకాశమే లేదు, కాబట్టి అది మొదటి మెట్టు, చివరిది కాదు.

ఎదుటివాళ్ళది ఇంకా చిత్రం. 1986 లెక్క ఒక్కదాన్నే కొట్టేస్తుంది: "బ్యారేజీ లేకపోతే వరద రాదు" అనే మాటని. ఆ మాట రైతులు అన్నారా? మీరు రాసినదాన్ని బట్టి అనలేదు. వాళ్ళనేది బ్యారేజీ ఉంటే ముంపు ఎక్కువవుతుందని. బ్యారేజీ లేకుండా కూడా వరద రావచ్చు, ఉంటే ఇంకా పెరగవచ్చు, రెండూ కలిసి నిజం కావచ్చు. మన జూనియర్ చెప్పిన పనే ఇది, ఎదుటివాడి నోట్లో పెట్టిన మాటని పడగొట్టడం.

సిరొంచ టేకు:
ఇంకోటి కూడా ఉంది. భద్రాచలం మాకు కింద. ఇంద్రావతి మా ఊరు దాటినంక కలుస్తది. ఆడి అడుగులు ఆడివి, మా అడుగులు మావి. ప్రాణహిత మా ఊరి కాడ కలుస్తది, మా నీళ్ళ లెక్క మా కాడనే చూడాలె. మా రైతులు చెప్పేది పెద్ద వరద గురించి కూడా కాదు. మామూలు యేడు కూడా నీళ్ళు ఎక్కి దిగకుండా నిలుస్తున్నయి, ఒడ్డు కోసుకపోతున్నది అంటరు. ఎంత ఎత్తు వచ్చింది కాదు, ఎన్ని దినాలు నిలిచింది అని.

జయపురం జూనియర్:
అయితే వాదన మొత్తం మారిపోయింది. మీ రైతులు అర్జీ పెడితే మొదటి వాక్యమే అది కావాలి. "వరద" అన్న మాట తీసేసి "నీళ్ళు నిలిచిన రోజులు" అని రాయించండి, అప్పుడు 1986 ఎత్తేవాడికి చోటుండదు.

పర్లాకిమిడి పంతులు:
ఇక తేల్చుకునే దారి. 1843లో జాన్ స్టువర్ట్ మిల్ తేడా పద్ధతి అని ఒకటి రాశాడు. అన్నీ ఒకేలా ఉండి ఒక్కటే మారినప్పుడు ఫలితం మారితే, ఆ ఒక్కదాని మీద చెయ్యి వేయొచ్చు. నదుల విషయంలో అన్నీ ఒకేలా ఎప్పుడూ ఉండవు, వానలే ఏడాదికో రకం. కానీ మీ దగ్గర ఒక అరుదైన సంగతి జరిగింది. 2023 అక్టోబరులో బ్యారేజీ ఏడో బ్లాకు పియర్లు (స్తంభాలు) కుంగాక అక్కడ నీళ్ళు నిలపడం ఆపేశారు. అంటే మీకు మూడు కాలాలున్నాయి. 2019కి ముందు, 2019 నుంచి 2023 దాకా, ఆ తర్వాత. నదిలోకి వచ్చిన నీళ్ళు ఇంచుమించు సమానంగా ఉన్న మామూలు ఏళ్ళని ఏరి, ఒకే గట్టు మీది పొలాల్లో నీళ్ళు ఎన్నాళ్ళు నిలిచాయో మూడు కాలాల్లోనూ పక్కపక్కన పెట్టండి. మధ్య కాలంలో మాత్రమే పెరిగి తర్వాత తగ్గి ఉంటే రైతుల మాటకి బలం. మూడింటిలోనూ ఒకేలా ఉంటే ఎదుటివాళ్ళకి బలం. ఏది తేలుతుందో తర్కం చెప్పదు. ఏ కాగితం తీయాలో చెబుతుంది.

బల్లార్షా బోగీ:
కాగితమంటే తలాఠీ (మా దిక్కు ఊరి రెవెన్యూ ఉద్యోగి) పంచనామాలే కదా. సిరొంచ అన్నా, నష్టపరిహారం కోసం రాసిన పంచనామాలల్ల మునిగిన ఎకరాలే రాస్తరు, నీళ్ళు ఎన్ని దినాలు నిలిచిందో రాయరు. 2019 ముందటియి అయితే మరీ తక్కువ దొరుకుతయి. నీళ్ళ మట్టం లెక్కలు కేంద్ర జల సంఘం గేజీల కాడ దొరుకుతయి, రోజు వారీ. సమాచార హక్కు కింద రెండు దిక్కులా అర్జీ పెట్టు, తలాఠీకి ఒకటి, అటు ఒకటి. మరాఠీలో నేను రాసిస్త, సర్వే నంబర్లు మాత్రం నువ్వే ఏరాలె, నది ఒడ్డువి వేరే, వాగు ఒడ్డువి వేరే పెట్టు.

సిరొంచ టేకు:
వాగు ముంపు వేరే తీసెయ్యాలె, కరెక్టే. సర్వే నంబర్లు సోమవారం పంపిస్త.